చిన్నదాని మోచేతి మచ్చ

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు, నేలంతా దారపు ముక్కలు. ఆమె నోరూ మిషనూ ఒకేసారి ఊరుకోవడం ఎవరూ చూసి ఎరగరు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి సూదంటే ఒళ్ళు మంట. చిన్నది మాత్రం బడి నుంచి రాగానే అమ్మ పక్కన చేరి చొక్కాలకు అంచులు మడిచి చేత్తో కుట్టేది.

"నా చెయ్యి దీనికొచ్చింది," అని వచ్చినవాళ్ళందరికీ ఆ కుట్లు చూపించి మురిసిపోయేది టైలరమ్మ.

చిన్నదాని ఎడమ మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ కనిపించినప్పుడు ఆమె కంగారుపడలేదు. పెద్దదానికీ బుగ్గల మీద అలాంటివే వచ్చి, పొట్టు రాలి, వాటంతటవే పోయాయి. అత్తగారు కూడా తేల్చేసింది. "కడుపులో నులిపురుగులుంటాయే. మందు పట్టించు, అదే పోతుంది."

పట్టించింది. మందుల షాపులో ఇచ్చిన పూతమందూ రాసింది. మచ్చ దురద పెట్టలేదు, నొప్పి పెట్టలేదు. ఏ బాధా లేనిదానికి పని మానుకుని డాక్టరు చుట్టూ తిరగడం ఎందుకనుకుంది. అలా ఏడాది దాటింది. మచ్చ అరచేయంత అయింది.

ఒక మధ్యాహ్నం చిన్నది కుడుతున్న తెల్ల చొక్కా మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి.

"ఏంటే ఇది? కొత్త చొక్కా! చూసుకోవక్కర్లేదా?"

"ఏదీ?" అంటూ చిన్నది ఎడమచేయి తిప్పి చూసుకుంది. చిటికెన వేలి పక్క వేల్లో సూది దిగి ఉంది.

"నొప్పి పుట్టలేదా?"

"ఆ వేళ్ళు ఎప్పుడూ అంతేగా అమ్మా. మొద్దుగా ఉంటాయి."

చాచమంటే చిటికెన వేలూ, దాని పక్క వేలూ చాచలేకపోయింది. అవి కొక్కేల్లా లోపలికే వంగి ఉన్నాయి.

మర్నాడు ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దూదిపోగు తీసుకుంది. "కళ్ళు మూసుకోమ్మా. తగిలినప్పుడల్లా చెప్పు." భుజం మీద తాకించింది. "ఆ," అంది పిల్ల. మెడ మీద తాకించింది. "ఆ." తరవాత మచ్చ మీద అటూ ఇటూ, మధ్యలో, మళ్ళీ మళ్ళీ తాకించింది. పిల్ల కళ్ళు మూసుకునే కూర్చుంది. కాసేపాగి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది.

టైలరమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

కుష్టు అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మందులతో రోగం పూర్తిగా పోతుందని, మందు మొదలయ్యాక ఇంకొకరికి అంటదని చెప్పింది.

"పెద్దదానికి వచ్చినవి ఊరికే పోయాయి కదండీ!"

"పిల్లల్లో తెల్లమచ్చలు చాలావరకు అలాగే పోతాయమ్మా. కానీ నెలలు గడిచినా పోకపోతే, పెరుగుతుంటే చూపించాలి. స్పర్శ తెలియకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు."

"మరి వేళ్ళో?"

"నరం దెబ్బతిన్న కొత్తలో వచ్చి ఉంటే..." అంది డాక్టరమ్మ.

ఆసుపత్రి మాట వీధిలో ఎలా పొక్కిందో తెలియదు. కొలతలిచ్చినవాళ్ళు గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. "మీవాళ్ళకి ఏం కాదండీ, మందు వాడుతున్నాం," అని గుమ్మంలో నిలబడి చెప్పేది టైలరమ్మ. "అబ్బే, అందుక్కాదమ్మా," అంటూనే వెళ్ళిపోయేవారు. మిషను మీద దుప్పటి కప్పేసి, తనను ఎవరూ ఎరగని పేటలోని బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అత్తగారు చిన్నదాని కంచం వేరుగా పెట్టడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు పోట్లాడినా ఆ కంచం వేరుగానే ఉండేది.

నెలల తరబడి మందులు మింగాక మచ్చ మామూలు రంగుకు తిరిగింది. డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, రోగం నయమైందని చెప్పింది. వేళ్ళకు ఆపరేషన్ చేస్తే కొంత పట్టు రావచ్చు, స్పర్శ మాత్రం రాదంది.

బస్సు కోసం నిలబడినప్పుడు చిన్నది అడిగింది. "నయమంటే ఇంతేనా అమ్మా?"

బస్సొచ్చింది. రద్దీలో కుడిచేత్తో పట్టుకోమని పిల్లకు కుడివైపు కడ్డీ చూపించి, వెనకే ఎక్కింది టైలరమ్మ.