నా బదులు మన్నేసినావంట

మొన్న శుక్రవారం ప్రొద్దుటూరులో మా పక్కవీధి సాయిబుల పెద్దాయన చనిపోతే ఖననానికి వెళ్ళాను. గోరీ దగ్గర ఆయన మేనల్లుడు సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని నిలబడితే, కువైటులో ఉన్న కొడుకు అందులోంచి చూస్తూ ఏడుస్తున్నాడు. అది చూశాక నాకు మనసు మనసులో లేదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు కాలేజీ మూతపడింది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి కొత్తగా ఎవరు పిలిచి పనిస్తారు? ఎర్రగుంట్లలో గుమాస్తా పని అడగబోతే కంప్యూటరు వచ్చా అన్నారు. నాకు వచ్చిన కంప్యూటరల్లా బ్లాగు రాసుకోవడం ఒక్కటే, అది కూడు పెడుతుందని నేనూ అనుకోలేదు. మేము చిన్నాయన అని పిలిచే పక్కింటి దర్జీ సాయిబు తనకొచ్చిన రవికెల పని సగం నా భార్యకిస్తే, ఆమె మిషను మీదే ఇల్లు నడిచేది.

ఆ చిన్నాయన ఒకరోజు పొద్దున్నే గుండె ఆగి పోయాడు. సాయంత్రంలోపే పూడ్చడం వాళ్ళ ఆచారం, ఒక్కగానొక్క కొడుకేమో కువైటులో, అక్కడ పనిచ్చిన సేటు సెలవివ్వలేదు. గోరీలో ఒక్కొక్కరూ మూడు గుప్పిళ్ళ మన్ను వేస్తున్నారు. నా వంతు వేశాక చెయ్యి ఊరుకోక, కొడుకు పేరు చెప్పి ఇంకో మూడు తీసుకున్నాను. అది వాళ్ళ పద్ధతి కాదేమోనని ఆగిపోతే, పక్కనున్న పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, "వెయ్యి నాయనా, ఆ పిల్లోనికి యాడ తీరుతాది ఈ రుణం" అన్నాడు.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు బ్లాగులో రాశాను. బజారులో అంగళ్ళవాళ్ళు షట్టర్లు సగం దించి నిలబడింది, జమ్మలమడుగు నుంచి పాత బేరగాళ్ళు ఆయన కుట్టిన చొక్కాలే తొడుక్కుని వచ్చింది, ఆ మన్ను సంగతి, అన్నీ.

అది చదివి, కువైటులోని మన జిల్లావాళ్ళ కోసం వెబ్‌సైటు నడిపే ఒకాయన ఫోను చేశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తిరిగి పెళ్ళిళ్ళూ వానలూ చావులూ ఇలాగే రాసిపెట్టమని, నెలజీతం ఇస్తానని అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. నా భార్య మాత్రం కుట్టేది ఆపి, "సావులు రాసి దుడ్లు తీసుకుంటావా? చిన్నాయన మనకు అన్నం పెట్టినోడు" అంది. వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను.

మరునాడు చిన్నాయన కొడుకు ఫోను చేశాడు. "అన్నా, నాకు తెలుగు సదవను రాదు గదా, మా రూములో పులివెందుల ఆయప్ప సదివి వినిపించినాడు. నా బదులు నువ్వు మన్నేసినావంట. ఇంగ నేనూ ఆడ ఉన్నట్టే అన్నా" అన్నాడు. పక్కనే నిలబడి నా భార్య అంతా విన్నది. పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చి, "పో. అబద్ధం మాత్రం రాయొద్దు" అంది.

అలా కొన్నేళ్ళు బతికాను. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ములో బస్సులు పట్టుకుని వేముల దాకా తిరిగాను. తర్వాత చేతి చేతికీ ఫోను వచ్చింది, ఎవరింటి చావు వాళ్ళే ఫోనులో చూసుకుంటున్నారు, వెబ్‌సైటు ఆగిపోయింది. నాకేం కోపం లేదు, కొడుకు కళ్ళతో చూడటం కంటే నా రాత గొప్పదా!

కానీ మొన్న మన్ను వేసేవేళకు సిగ్నలు పోయింది. మేనల్లుడు ఫోను దులిపి దులిపి చూశాడు. మళ్ళీ మనిషి కనబడేసరికి గోరీ పూడిపోయింది, "అయిపోయిందా?" అని అడుగుతున్నాడు ఆ కొడుకు. ఆలోపే నేను నా వంతు వేసి, అతని పేరు చెప్పి ఇంకో మూడు గుప్పిళ్ళు వేశాను. వెయ్యి నాయనా అని ఆనాడు నా మోచెయ్యి పట్టుకున్న పెద్దాయన మీదే.

ఇంటికొచ్చి, ఏళ్ళ తర్వాత బ్లాగు తెరిచి ఇదంతా రాశాను. జీతం లేదు, అడిగినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఆ కువైటు గదుల్లో ఎవరి ఫోను వాళ్ళు చెవులకు తగిలించుకుని పడుకుంటారట. చదివి వినిపించే ఆయప్ప ఒకడైనా ఉన్నాడో లేడో.