మామ గురక ఆగిన పూట

కడుపు కోయాలంటే ముందు ఆ కడుపు మెత్తబడాలి. ఇప్పుడది ఒక సూదిమందు పని. నేను డాక్టరీ పాసై హిందూపురంలో చేరిన ఆ పందొమ్మిదివందల నలభైల తొలినాళ్లలో మాత్రం కండరాలను సడలించే మందు మా దాకా రాలేదు. రోగి ముఖాన గుడ్డ ముసుగు వేసి, దాని మీద ఈథర్ చుక్కలు పోస్తూ దేవుణ్ణి తలుచుకోవడమే మా మత్తు విద్య. చుక్కలు తగ్గితే కడుపు బిగుసుకుంటుంది, ఎక్కువైతే ఊపిరి నిలిచిపోతుంది. బక్కపలచని వాళ్ల మీద నాకు కాస్త చెయ్యి తిరిగింది. అది చూసి ఓర్వలేక కాబోలు, విధి నా మీదికి మా మేనమామను తోలింది.

మామ ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ఆ భారీకాయంతో ఆయన రైలెక్కితే పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేరే పెట్టె వెతుక్కునేవారు. (ఆయనకు మెడ ఉందని మా అత్త చెప్పగా నమ్మాం.) ఏదో పెళ్లికని ఇద్దరూ హిందూపురం వస్తుంటే, పెనుకొండ దాటగానే మామకు గజ్జల్లో పేగు జారి బిగుసుకుపోయింది. స్టేషన్ నుంచి జట్కాలో నేరుగా ఆసుపత్రికి తెచ్చారు. "ఇప్పుడే కొయ్యకపోతే మనిషి దక్కడు. మత్తు నువ్వే ఇయ్యాలప్పా," అన్నాడు మా పెద్ద డాక్టరు. నేను ఈథర్ సీసా అందుకున్నాను. మామ నన్ను చూసి, "ఏమబ్బా, నువ్వేనా? అయితే ఇంక దేవుడే దిక్కు," అని కళ్లు మూసుకున్నాడు.

ఈథర్ పోశాను. కాసేపటికి గురక మొదలైంది. అబ్బ, ఏం గురక! కిటికీ తలుపులు అదిరాయి. వరండాలో అత్త కుదుటపడి, "నిద్రపట్టింది, ఇంక భయం లేదు," అని అందరికీ చెబుతోంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ గురక వింటూ నిద్రపోయిన మనిషి మరి. కానీ మత్తులో గురకంటే నాలుక వెనక్కి పడి గాలిదారి మూసుకుపోతోందని అర్థం. మామ పెదవులు నల్లబడుతున్నాయి! చుక్కలు ఆపేసి, తల వెనుక నిలబడి, రెండు చేతులా ఆ దవడను ముందుకు ఎత్తి పట్టాను. గురక టక్కున ఆగింది. గాలి హాయిగా ఆడింది. పెదవులకు రంగొచ్చింది! గెలిచాననుకున్నాను. అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఒరే అల్లుడా, గురక యాడబోయెరా! నా పసుపుకుంకుమలు తుడిచేస్తివి కదరా!" అంటూ అత్త వచ్చి నా జుట్టు పట్టుకుంది. దవడ వదిలితే మామ పోతాడు, వదలకపోతే జుట్టు పోతుంది. "అత్తా, ముక్కుకాడ చెయ్యి పెట్టి చూడు!" అని అరిచాను. ఏ కళనుందో గానీ పెట్టింది. మరుక్షణం ముఖం విప్పారింది. "వస్తాండాది! వెచ్చగా వస్తాండాది!" పెద్ద డాక్టరు పకపకా నవ్వాడు. "ఆయమ్మను ఆడనే ఉండనీ. ఊపిరి ఆమె చూసుకుంటాది, నువ్వు దవడ చూసుకో." నర్సమ్మ చుక్కలు పోసింది, కడుపు మెత్తబడింది, పేగు లోపలికి వెళ్లింది. అంతసేపూ అత్త "వచ్చె... మళ్లీ వచ్చె" అని ప్రతి ఊపిరినీ చాటుతూనే ఉంది. మామ బతికాడు!

తర్వాత ఆ సూదిమందు వచ్చింది. ఎంత లావు మనిషైనా క్షణాల్లో సడలిపోతాడు, దానితోపాటు ఊపిరీ ఆగుతుంది, గొంతులో గొట్టం వేసి మనమే ఊపిరి పోయాలి. ఆపరేషను అయ్యి గొట్టం తియ్యగానే నా అరచెయ్యి దానంతటదే రోగి ముక్కు దగ్గరికి పోయేది. "ఇన్ని మిషన్లుండగా చెయ్యెందుకు సార్?" అని కుర్ర డాక్టర్లు నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. వెచ్చగా తగిలేదాకా మాత్రం చెయ్యి తీసేవాణ్ణి కాదు.