ఏది పొద్దుపొడుపు, ఏది పొద్దుగుంకు

మా మామయ్య అత్మానీ షెకువే లాము పట్టణంలో రేవు వెనక సందులో ఉండేవాడు. ఫొటోలు తీయడం ఆయన వృత్తి. గుర్తింపు కార్డులకు ముఖాలు, పెళ్ళిళ్ళలో జంటలు, బడుల్లో పిల్లల వరసలు తీసేవాడు. స్టూడియో అంటూ లేదు. పాత జర్మనీ కెమెరా, మడిచి సంచిలో పెట్టుకునే నీలం పరదా, అంతే. వాటితో తెరచాప పడవెక్కి పాతె, సియు, ఫాజా, కివాయు, ఇలా దీవుల్లో ఊరు వెంట ఊరు తిరిగేవాడు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు.

రీలుకు పన్నెండు ఫొటోలు వచ్చేవి. పదింటిలో మనుషులుండేవారు. చివరి రెండూ ఆయన సొంతం. ఏ ఒడ్డున తెల్లవారితే అక్కడ ఒకటి, ఏ రేవులో పొద్దు గుంకితే అక్కడ ఒకటి తీసుకునేవాడు. వాటిలో సూర్యుడు, నీళ్ళు, మహా అయితే ఒక పడవ ఉండేవి.

ఫాజా ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు. "ఏమయ్యా, మనిషి లేని ఫొటో ఎవరికి? ఆ సూర్యుడేమైనా గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నాడా?" అని ఆట పట్టించేవారు. మా అత్త జైనాబు ఇంకో మెట్టు పైన. "మా ఇంట్లో రెండొందల సూర్యుళ్ళున్నారు. దీపం వెలగాలంటే మాత్రం కిరసనాయిలు నేనే తేవాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మామయ్య నవ్వేసి, ఫొటో వెనక రాసుకునేవాడు: "సియు. ఉదయం. పక్కన ఎవరూ లేరు. గాడిద ఒకటి."

ఎక్కువగా ఆయన తిరిగింది సరంగు ఫుమో పడవ మీద. ఫుమోకి నోరు పదును, ఆ కాలవలన్నీ అరచేతిలో గీతల్లా తెలుసు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ తేడా ఉన్నా ఒకే పళ్ళెంలో తినేవారు. అలాంటిది కివాయులో ఒక సాయంత్రం చెడింది.

"ఒరే అత్మానీ, ఆటు మొదలైంది. ఎక్కు."

"ఒక్క నిమిషం బాబాయ్. పొద్దు మడచెట్ల మీదికి దిగనీ."

"పొద్దు రేపు కూడా ఉంటుంది. కాలవలో నీళ్ళు అరగంటే ఉంటాయి. నా పడవ బురదలో కూర్చుంటే నువ్వు తోస్తావా?"

"అయితే వెళ్ళు! నీ పడవ లేకపోతే ఇంకోటి."

ఫుమో నిజంగానే వెళ్ళిపోయాడు. ఇంకోటి రావడానికి అయిదు రోజులు పట్టింది. ఈలోగా లాములో మామయ్య సొంత తమ్ముడి పెళ్ళి జరిగిపోయింది. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసినవాడి ఇంట్లో ఆ పెళ్ళికి ఒక్క ఫొటో లేదు. దాంతో మాటలు ఆగిపోయాయి. పదకొండేళ్ళు మసీదులో కూడా ఇద్దరూ వేర్వేరు వరసల్లో నిలబడ్డారు.

నేను బడిలో టీచరుగా చేరిన ఏడు, షేలాలో పర్యాటకుల కోసం కొత్తగా విడిది కట్టినాయన మామయ్య సూర్యుళ్ళను పోస్టు కార్డులుగా అచ్చు వేయిస్తానన్నాడు. మామయ్య ఫొటోలన్నీ, నెగటివ్‌లతో సహా, రేకు పెట్టెలో సర్ది పడవెక్కాడు. కాలవ సముద్రంలో కలిసే చోట అల ఒకటి అడ్డంగా వచ్చింది. పడవ ఒరిగింది. పెట్టె పడవ అడుగున నిలిచిన ఉప్పునీళ్ళలో పడి షేలా దాకా అలాగే నానింది.

ఇంటికి తెచ్చి మంచినీళ్ళలో కడిగాం. ఉన్న మంచాలన్నిటి మీదా ఆరబెట్టాం. నెగటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫొటోలు చాలావరకు బతికాయి. వెనక రాసిన సిరా మాత్రం పూర్తిగా పోయింది.

మామయ్య ఒక్కొక్కటీ తీసి చూశాడు. కొన్ని గుర్తుపట్టాడు. తొంభై దాకా మిగిలిపోయాయి. నలుపూ తెలుపూ ఫొటోలాయె. తెల్లటి బిళ్ళ, నల్లటి నీళ్ళు. ఉదయమో సాయంత్రమో ఎలా తెలుస్తుంది?

"ఏదో ఒకటి వేసెయ్యి, చూసేవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు విడిది ఆయన.

"నాకు తెలుస్తుందిగా" అని మామయ్య పెట్టె మూసేశాడు. ఆ రాత్రి నాతో అన్నాడు, "తీసింది నేనే ఎషా. నిలబడిందీ నేనే. ఎటు తిరిగి నిలబడ్డానో తెలియట్లేదే."

"ఫుమో తాతని అడుగుదాం."

"ఆయనకి కళ్ళు పోయాయిగా."

"నాకున్నాయి. నేను చెప్తా, ఆయన వింటాడు."

"నేను రాను." అన్నాడే గాని, మర్నాడు చంకలో పెట్టెతో, చేతిలో హల్వా పొట్లంతో నా వెనకే నడిచాడు.

ఫుమో తాత వీధి అరుగు మీద కూర్చుని అల్లం కాఫీ తాగుతున్నాడు.

"ఎవరది?"

"ఎషాని తాతా, బడి టీచర్ని."

"పక్కన?"

మామయ్య హల్వా పొట్లం నా చేతిలో పెట్టాడు.

"నోరు లేని మనిషా? వాసన మాత్రం ఉంది. పాడు ఫొటోల మందు వాసన, పదకొండేళ్ళైనా వదల్లేదు. కూర్చోమను."

మామయ్య కూర్చున్నాడు. నేను మొదటి ఫొటో తీసి చెప్పాను: ఒడ్డు, రెండు పెద్ద పడవలు ఒడ్డుకెక్కించి చాపలు కప్పారు, నీళ్ళలో చిన్న పడవ ఒకటి లంగరు వేసి ఉంది.

"పెద్దవి ఒడ్డెక్కాయంటే కూసీ రోజులు, అంటే దక్షిణపు గాలి. చిన్నదాని ముక్కు ఎటుంది?"

"ఎడమకి."

"పడవ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి నిలబడుతుంది. ఎడమ దక్షిణమైతే, నీ మామయ్య ఎటు చూస్తున్నాడు?"

నేను ఎడమ చెయ్యి దక్షిణానికి చాపి చూసుకుని "పడమర" అన్నాను.

"పొద్దుగుంకు. రాసుకో. తర్వాతది?"

అలా పది రోజులు కూర్చున్నాం. కట్టెల పడవ నీళ్ళలోకి బాగా దిగి ఉంటే నిండుగా తిరిగొస్తోందని, అది సాయంత్రమని చెప్పేవాడు. తప్పు చెబితే గుడ్డి కళ్ళతోనే నన్ను ఉరిమి చూసేవాడు. మామయ్య మాత్రం "ఊఁ", "కాదు" తప్ప మాట్లాడేవాడు కాదు.

ఏడో రోజున ఒక ఫొటో చేతికొచ్చింది. "ఒకటే పడవ తాతా. మనకి వీపు పెట్టి వెళ్తోంది. తెరచాప కింది మూలన చదరం అతుకు, దాని పక్కన నెలవంకలాంటి ఇంకో అతుకు."

తాత కాఫీ గిన్నె కింద పెట్టాడు. "వంక అతుకు మా ఆవిడ కుట్టింది. రాసుకో అమ్మా. కివాయు. సాయంత్రం." తర్వాత మొదటిసారి మామయ్య వైపు తిరిగాడు. "నేను వెళ్ళిపోతుంటే తీశావురా?"

"తీశాను."

"తిట్టుకుంటూ?"

"తిట్టుకుంటూనే. చెయ్యి మాత్రం వణకలేదు బాబాయ్. పడవ అంత బావుంది."

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నాడు, "మలుపు తిరిగాక మడచెట్ల చాటున లంగరు వేశా. నువ్వు నడుములోతు నీళ్ళలో పరిగెత్తుకొస్తావనుకున్నా. పడవ అడుగు బురదకి తగిలేదాకా చూశా."

"నాకు కనపడలేదు."

"నువ్వు చూస్తేగా! ఆ కెమెరాలోంచి తల ఎప్పుడెత్తావు?"

మామయ్య ముఖం పక్కకు తిప్పుకుని, హల్వా పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టాడు. అప్పటిదాకా రోజూ దాన్ని నేనే ఇచ్చేదాన్ని.

చివరికి పన్నెండు ఫొటోలు ఎవరికీ తేలలేదు. "వెళ్ళి చూద్దాం" అన్నాడు తాత. "చూడ్డానికా? ఒకరికి కళ్ళు లేవు, ఒకరికి జ్ఞాపకం లేదు" అని మా అత్త అంటూనే దారికి కొబ్బరిపాల రొట్టెలు కట్టిచ్చింది. బడి సెలవుల్లో ముగ్గురం వెళ్ళాం. ప్రతి రేవులోనూ మామయ్య ఫొటో పట్టుకుని వెనక్కీ ముందుకీ నడుస్తుంటే, తాత ఇసుకలో కూర్చుని గాలి వినేవాడు. కివాయులో తూర్పు ఒడ్డున ఇంకా మసక ఉండగా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మామయ్య సంచిలో కెమెరా ఉంది, తీయలేదు.

"పొడిచిందా?" అన్నాడు తాత.

"ఇంకా లేదు. మబ్బుంది."

"ఏం రంగు?"

మామయ్య చాలాసేపు చెప్పాడు. దానిమ్మ తొక్క లోపలి రంగు అన్నాడు, తర్వాత కాదు, ఉడికిన రొయ్య రంగు అన్నాడు. తాత అడుగుతూనే ఉన్నాడు. నేను నిప్పు రాజేసి కాఫీ పెట్టి తెచ్చేసరికి ఎండ వచ్చేసింది, వాళ్ళింకా రంగు దగ్గరే తగువులాడుకుంటున్నారు.

పన్నెండులో తొమ్మిది తేలాయి. కార్డులు అచ్చు కాలేదు. విడిది ఆయన అప్పటికే రంగు ఫొటోలు తెప్పించుకున్నాడు. రెండు వానాకాలాల తర్వాత ఫుమో తాత పోయాడు. మామయ్య మోకాళ్ళు పట్టేసేదాకా, ఇంకో పదేళ్ళు, పడవలెక్కాడు. కివాయు వెళ్ళొచ్చాక తీసిన ఫొటోల వెనక ఊరూ వేళా మాత్రమే కాదు, రంగు కూడా రాయించేవాడు నాచేత.