నేను తిన్నగా చేసిన జోడు తుపాకీ

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, ఐటీఐలో ఫిట్టరు ట్రేడు ఫస్టు క్లాసులో పాసైన సర్టిఫికెట్టు, చొక్కా జేబులో ఒక స్టీలు స్కేలు. ఈ మూడూ ఉన్నవాడికి ఇక భయపడాల్సిన పనేముందని నా అభిప్రాయం. మార్కాపురంలో ఏ గేటు చూసినా, ఏ కిటికీ చూసినా అది ఎంత వంకరగా ఉందో పైకి చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి. ఆఖరికి మా ఊరి చర్చి మీద సిలువ కూడా అర అంగుళం ఎడమకు వాలి ఉందని పాస్టరుగారి ముందే అన్నాను. (ఆ ఆదివారం మా అమ్మ పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. నాయన మాత్రం అన్నం తింటూ, వీడికి ఎక్కడో గట్టిగా తగుల్తాది అని గోడకు చెప్పినట్లు చెప్పాడు.) నిజంగానే తగలాల్సింది. తృటిలో తప్పిపోయింది, అదీ నాకు కాదు, ఇంకొకరికి.

నేను అప్పుడు మార్కాపురంలో తుపాకులు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాణ్ణి. లైసెన్సు ఉన్న దుకాణమే. అడవి పక్క ఊళ్లలో పంట కాపలాకు తుపాకీ పెట్టుకున్న రైతులు, బ్యాంకు కాపలాదార్లు వచ్చేవారు. దుకాణం పెద్దను అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఎడమ కంట్లో పొర వచ్చింది కానీ ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. అసలు ఆయన పని సగం చెవులతోనే. జోడు గొట్టాలను పురికొసతో వేలాడదీసి కర్రపుల్లతో చిన్నగా తట్టేవాడు. గంట మోగినట్లు మోగితే అతుకు గట్టిగా ఉన్నట్లు, చిల్లు కుండలా పలికితే ఎక్కడో టంకం వదిలినట్లు. ఆయన భార్యను నేను అమ్మా అనేవాణ్ణి. ఆమె ఉస్తాద్ టిఫిను క్యారియర్ పై గిన్నెలో నాకని రోజూ రెండు రొట్టెలు, వంకాయ కూర పెట్టి పంపేది. ఈ రొట్టెల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నా గొంతులో అడ్డంపడేవి ఇవే.

ఆ దుకాణంలో ఒక ఆచారం ఉండేది. జోడు గొట్టాలు ఎవరు అతికితే వాళ్లు, మొదటి రెండు తూటాలు కాల్చేటప్పుడు గురి కాగితానికి కుడిపక్కన, రెండు మూరల దూరంలో నిలబడాలి. ఉస్తాద్‌ను ఆయన ఉస్తాద్ నిలబెట్టాడట, ఆయన్ని ఆయన ఉస్తాద్. (ఇది ఏ చట్టంలోనూ లేదు. ఉంటే గింటే చేయకూడదనే ఉంటుంది.) ఒకసారి ఉస్తాద్ చేతులు వెనక్కి కట్టుకుని అలా నిలబడటం చూశాను. పక్కన తూటా దూసుకుపోతున్నా మనిషి కదల్లేదు. ఆహా, మగాడంటే ఇట్లుండాలి అనుకున్నాను. నేనూ ఎప్పుడైనా అక్కడ నిలబడాలని ఒకటే ఆరాటం. అయితే అతికే పని ఆయన నా చేతికి ఇస్తే గదా.

ఆ యేడు దసరాకు పెద్దారవీడు వైపు రైతు ఒకాయన తన ముత్తాత నాటి జోడు రైఫిల్‌ను పట్టుకొచ్చాడు. నాకు ఏమీ కాకపోయినా, ఆ వైపు మర్యాద ప్రకారం ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. ఆయుధపూజకని గోడ మీంచి దించుతుంటే చేయిజారి బండ మీద పడిందట, రెండు గొట్టాల మధ్య అతుకు వదిలింది. ఆ సైజు తూటాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. తాతల నాటివి ఆరు మిగిలి ఉంటే గుడ్డలో చుట్టి బిడ్డల్లా దాచుకున్నాడు. ఉస్తాద్ ఆ తుపాకీని పెళ్లికూతురి చేయి పట్టుకున్నట్లు పట్టుకున్నాడు. అదే సమయానికి కంభంలో వాళ్ల బంధువుల పెళ్లి వచ్చింది. పోతూ పోతూ నాకు ఒకటే చెప్పాడు. పాత టంకమంతా గీకి శుభ్రం చేసి పెట్టు, నేనొచ్చేదాకా అతకొద్దు.

గీకాను. గీకితే, గొట్టాల మూతుల మధ్య ఇరుక్కుని గోరంత ఇనుప బిళ్ళ ఒకటి బయటపడింది. స్కేలు పెట్టి చూశాను. ఇంకేముంది, వెనకవైపు దూరంగా ఉన్న గొట్టాలు మూతి దగ్గరికి వచ్చేసరికి ఒకదానివైపు ఒకటి ఒరిగి ఉన్నాయి. వంకర! ఎప్పుడో ఎవడో చేతకానివాడు అతికి పోయాడు, ముత్తాత దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఒక్కడూ కనిపెట్టలేదు, నేను కనిపెట్టాను అని పొంగిపోయాను. ఆ బిళ్ళను తీసి అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాను. దానికి రెండింతల మందం ఉన్న బిళ్ళ ఒకటి ఆకురాయితో అరగదీసి, మధ్యలో దిగ్గొట్టి, గొట్టాలు రెండూ రైలు పట్టాల్లా వచ్చేదాకా స్కేలుతో చూసి చూసి అతికేశాను. పైన పట్టీ పరిచి తగరం పోసి నున్నగా తీర్చాను. మనలో మాట, అంత అందంగా నేను ఈరోజుకీ ఏదీ అతకలేదు.

ఉస్తాద్ తిరిగొచ్చి చూశాడు. నేను చెప్పిన మాట వినలేదని ముఖం కొంచెం మాడింది. కానీ పురికొసతో వేలాడదీసి తట్టేసరికి గంట గణగణమంది. వేళ్లతో అతుకంతా తడిమి, ఆగి, పాత బిళ్ళే వేసినావా అని అడిగాడు. ఆ గొంతులో ఏదో ఉంది. మార్చానంటే ఇక్కడే చెంప పగులుతుందనిపించింది. అదే వేసినా ఉస్తాద్ అన్నాను. రెండు ముక్కల అబద్ధం. ఆయన నమ్మాడు, నమ్మి నా భుజం కూడా తట్టాడు. అయితే రేపు నువ్వే నిలబడు అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

తెల్లారి మామ, ఉస్తాద్, నేను ఆటోలో ఊరి బయట పాడుబడిన పలకల గనికి బయల్దేరాం. తుపాకీ గుడ్డ సంచిలో మామ ఒళ్లో ఉంది. దారిలో మామ ఊరకుండక, రెండు గొట్టాలు ఎట్ల అతుకుతారు ఉస్తాద్, పక్కపక్కన పెట్టి టంకం పోయడమేనా అని అడిగాడు. ఉస్తాద్‌కు ఇష్టమైన సంగతి కదా, చేతులు రెండూ చాచి మరీ చెప్పాడు.

"సమానంగా పెడితే తూటాలు చెరో దారి పోతాయి. పేలేటప్పుడు తుపాకీ కుదుపుతాది గదా, కుడి గొట్టం పేలితే కుడికి తిరుగుతాది, ఎడమది పేలితే ఎడమకి. అందుకని మూతుల దగ్గర రవ్వంత దగ్గరకి ఒంచి అతుకుతాం. నూరడుగుల కాడ రెండు తూటాలూ ఒక్క చోట పడాల. ఆ ఒంపంతా ఆ గోరంత బిళ్ళలోనే ఉండాది. మా వాడు పాత బిళ్ళే వేసినాడు, ఇంక భయం ల్యా."

మా వాడికి ఆ ఆటోలోనే ముచ్చెమటలు పోశాయి. కుడి గొట్టం తూటా కుడికి పోతుంది. నేను నిలబడేది కుడిపక్కన. పైగా నేను సరిచూసింది గొట్టాల బయటి అంచులను, గొట్టమేమో మూతివైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. అంటే లోపలి దారులు సమాంతరంగా కూడా లేవు, ఒకదానికొకటి ఎడంగా పోతున్నాయి. ఐటీఐలో ఈ లెక్క రాక రెండు సార్లు తిట్లు తిన్నాను, ఆ ఆటోలో మాత్రం క్షణంలో వచ్చేసింది. ఆటో టైరు పంక్చరు కావాలని కోరుకున్నాను. వాన రావాలని కోరుకున్నాను. ప్రభువా, ఈ ఒక్కసారి కాపాడు, సిలువను వంకర అన్నది నిజమే, ఇక ఆదివారం చర్చిలో ముందు చాప మీదే కూర్చుంటాను, వాచీ చూసుకోను అని మొక్కుకున్నాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, ఆటో ఎన్నడూ లేనంత సాఫీగా పోయింది. చెప్పేద్దామని నాలుగుసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ, ఆటో భలే పోతాంది అన్నాను.

గనిలో పలక పెళ్లలు గోడలా పేర్చిన గుట్ట ఉంది. దాని ముందు రెండు కర్రలు పాతి, సిమెంటు సంచి కాగితం కట్టి, బొగ్గుతో సున్నా గీశాడు ఉస్తాద్. నూరడుగులు కొలిచి ఇసుక మూటలు సర్దాడు. పోయి నిలబడు బేటా అన్నాడు. నేను పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాను. కడుపులో నొప్పి ఉస్తాద్, రాత్రి నుంచి ఉంది అన్నాను. (అప్పటికి అది పూర్తి అబద్ధం కూడా కాదు.) ఈరోజు పని వాయిదా వేస్తారు, దుకాణానికి పోయాక ఎట్లాగో బిళ్ళ మార్చేస్తాను అని నా ఎత్తు. ఉస్తాద్ నన్ను ఒక్క క్షణం చూసి తలమీది టోపీ సర్దుకున్నాడు.

"సరే, నువ్వు కూర్చో. నేను నిలబడతా. నువ్వు అతికింది నేను అతికినట్లే గదా."

అని నడిచాడు. ఒక కన్ను పొర, చేతిలో కర్ర, పలక ముక్కల మీద తడుముకుంటూ నూరడుగులు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా కోసం నేను భయపడటం ఒక రకం, అందులో ఏదో ఒక మూల పరుగెత్తి పారిపోవచ్చనే ఆశ ఉంటుంది. ఇది వేరు. ఆయన కాగితానికి కుడిపక్కన, రెండు మూరలు చేత్తో కొలుచుకుని మరీ, నేను తూటాకు చూపించిన దారిలోనే నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నాకు ముందురోజు తిన్న రొట్టెలు గుర్తొచ్చాయి. రేపు ఆ క్యారియర్ నేను ఇంటికి తీసుకెళ్లి ఇస్తే, ఆ అమ్మ తలుపు తీసి ఏమని అడుగుతుంది?

మామ కుడి గొట్టంలో తూటా పెట్టి, మూట మీద మోచేయి ఆనించి, సిద్ధమా ఉస్తాద్ అని కేకేశాడు. అక్కడ ఉస్తాద్ చేయెత్తాడు. మామ ఒక కన్ను మూశాడు. ఏం చేస్తున్నానో తెలియకుండానే పాక్కుంటూ పోయి వెనకనుంచి మామ పంచె పట్టుకుని లాగేశాను. పంచె సగం నా చేతిలోకి వచ్చింది.

"కాల్చొద్దు మామా. బిళ్ళ మార్చినా. ఉస్తాద్‌కు అబద్ధం చెప్పినా."

మేకపిల్ల అరిచినట్లు ఉందట నా గొంతు. మామ తూటా బయటికి తీశాడు, తుపాకీ మూట మీద పడుకోబెట్టాడు, ఆ తర్వాతే పంచె కట్టుకున్నాడు. (ఆ వరుస చూశాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.) నేను ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన ముందు నిలబడి అదే మాట మళ్లీ చెప్పాను, ఈసారి ఏడుస్తూ. పాతది ఏదీ అన్నాడు. అగ్గిపెట్టె తీసి ఇచ్చాను. బిళ్ళను బొటనవేలితో తడిమి చూసుకుని, నా భుజం మీద చేయివేసి, బరువంతా నామీద మోపి వెనక్కి నడిచాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఎవరూ పక్కన లేకుండా కాల్చి చూడమన్నాడు. మామ తన ఆరింటిలో రెండు కాల్చాడు. కాగితం గాలికి ఊగడం తప్ప దానికేమీ కాలేదు. పోయి చూస్తే, ఉస్తాద్ చెప్పుల గుర్తులు ఉన్నచోట, సరిగ్గా ఛాతీ ఎత్తున పలకలు పగిలి పొడి రాలి ఉంది. రాలిన ముక్కలు ఆ గుర్తుల్లోనే పడి ఉన్నాయి. ఎడమ గొట్టం తూటా అటుపక్క అంతే దూరంలో దిగింది.

తిరిగి వస్తూ రోడ్డు మీద చాయ్ తాగాం. ఉస్తాద్ చేతిలో గ్లాసు సాసరుకు తగిలి టకటకమంటోంది. నా వల్లే అలా అయ్యాడని సిగ్గుతో చచ్చిపోతూ, ఎప్పుడూ ఇట్ల భయపడలేదు గదా ఉస్తాద్ అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ప్రతిసారీ భయమే బేటా. చేతులు వెనక్కి కట్టుకునేది ఎందుకనుకున్నావు, వణికేది కనపడగూడదని. రేపు అక్కడ నిలబడాల గదా అని అతికేటప్పుడే భయపడితే చెయ్యి మాట వింటాది. నువ్వు భయపడకుండా అతికినావు."

ఎనిమిది రోజులు పట్టింది మళ్లీ అతకడానికి. పాత బిళ్ళే వేశాను, ఉస్తాద్ వేలు నా వేలి మీద పెట్టి ఎంత లోపలికి దిగాలో చూపించాడు. ఈసారి కాగితం పక్కన నేనే నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను, ఎందుకు కట్టుకోవాలో ఇప్పుడు తెలుసు కదా. ఒక పేలుడు వినిపించింది. ఎన్నో యుగాల తర్వాత ఇంకొకటి. తర్వాత ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి ఎవరో కర్రతో నా మోకాలు తట్టారు. కండ్లు తెరువు, బతికే ఉండావు అన్నాడు ఉస్తాద్. కాగితం మీద రెండు చిల్లులు ఒక అరచేతి కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. మామ మిగిలిన రెండు తూటాలనూ గుడ్డలో చుట్టుకుంటూ, ఇంక దసరాకు గోడ మీంచి దించను, పూజ గోడకే చేస్తా అన్నాడు.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్లయింది. ఆ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నాకు పొదిలి రోడ్డులో వెల్డింగు షాపు ఉంది. గేట్లు, ఇనుప మెట్లు, ఉయ్యాలలు చేస్తాను. ఉయ్యాల ఎవరింట్లో బిగించినా మొదట కూర్చునేది నేనే, మెట్లు ఎవరికి అతికినా చివరి మెట్టుదాకా మొదట ఎక్కేది నేనే. నాకు ఇప్పుడు ఎనభై ఐదు కిలోల బరువు, పైగా మోకాళ్ల నొప్పి. చూసేవాళ్లు నవ్వి ఫోన్లలో వీడియోలు తీస్తారు. మొన్న ఒకరింట్లో కొత్త ఉయ్యాలలో కళ్లు మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఊగుతుంటే, ఆ ఇంటి పాప దగ్గరికొచ్చి, మామా, నీకు భయమా అని అడిగింది. భయమే తల్లీ, అందుకే నీకు గట్టిగా చేసినా అన్నాను. జేబులో స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగే ఆ ఇరవై రెండేళ్లవాడు ఆ మాట విని ఉంటే ఎంత నవ్వేవాడో. నవ్వనీ పాపం, వాడింకా ఆటో ఎక్కలేదు.