మూరకో చుట్ట

యుద్ధం రోజుల్లో నూలుకు కంట్రోలు వచ్చి మా పేటలో సగం మగ్గాలు మూలపడ్డాయి. పని దొరకనివాళ్ళు పొద్దుపోక పేకాడేవారు. మా అన్నయ్యకు పని దొరికేది. ఆయన పని మానుకుని మరీ ఆడేవాడు.

పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆయన్ని మించిన నేతగాడు లేడు. బెజవాడలో బట్టల కొట్టున్న షావుకారు ఒకాయన, మంచి నూలు చేతికొచ్చినప్పుడల్లా మా ఇంటికే పంపేవాడు. చీర అప్పజెప్పాక శనివారం దాకా ఆగితే మొత్తం కూలీ, ఆగలేనంటే అప్పటికప్పుడు సగం. అన్నయ్య ఒక్క శనివారమైనా ఆగిన పాపాన పోలేదు. పైగా ఆగేవాళ్ళను చూసి జాలిపడేవాడు. అప్పటిదాకా మనిషి ఉంటాడో పోతాడో ఎవరికి తెలుసని వేదాంతం చెప్పేవాడు. అప్పుడాయనకు ముప్ఫై రెండేళ్ళు. తలనొప్పి కూడా ఎరగడు. తెచ్చిన సగం కూలీ రైసుమిల్లు వెనక పాకలో మూడు ముక్కలాటకు సమర్పించి, తేలిగ్గా చేతులూపుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆయన వెనకాలే నేనూ వచ్చేవాణ్ణి.

ఒక ఏడు షావుకారు తన కూతురి పెళ్ళికి జరీ అంచు చీర, ఎనిమిది గజాలది, పురమాయించాడు. అన్నయ్య మొదటి రోజు జానెడు నేసి పాకకు వెళ్ళాడు. రెండో రోజు పాక నుంచి వచ్చాక నేద్దామనుకున్నాడు. మూడో రోజు అనుకోవడం కూడా మానేశాడు.

మా వదినది కంకిపాడు. మాట తక్కువ మనిషి. ఏడవలేదు, పుట్టింటికి పోతానని బెదిరించలేదు. నాలుగో రోజు పొద్దున్నే లంక పొగాకు చుట్టల కట్ట ఒకటి తెచ్చి మగ్గం గుంట పక్కన కూర్చుంది.

"మూర నేస్తే ఒక చుట్ట. నేసిన క్షణానే ఇస్తాను. రేపన్నది లేదు," అంది.

అన్నయ్య గుంటలో దిగాడు. షావుకారు కూతురి పెళ్ళి నేయించలేని మూరను, ఇంటి పరువు నేయించలేని మూరను, చుట్ట నేయించింది. రెండు రోజులు మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగకుండా వినిపించింది. ఆ తర్వాత ఆయనకు మూర మరీ దూరమైపోయింది. జానకు సగం చుట్ట కావాలన్నాడు. మర్నాటికి జానా దూరమే అయింది. చివరికి బెత్తెడుకో దమ్ము దగ్గర బేరం కుదిరింది. వదిన బెత్తెలు కొలిచి, చుట్ట అందించి, ఒక్క దమ్ము లాగనిచ్చి మళ్ళీ లాక్కునేది, పసివాడికి ఉగ్గు పట్టినట్టు.

ఈలోగా పాకలో ఆట పలచబడింది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మగ్గం చుట్టూ చేరారు. ఊరికే కూర్చోవడం వాళ్ళ జన్మలో లేదు. నూలు మోసే నాడె వందసార్లు అటూ ఇటూ తిరిగేలోగా పోగు తెగుతుందా, తెగదా అని పందేలు కట్టారు. నేను వంశగౌరవం కొద్దీ తెగదని కట్టాను. అన్నయ్య తెగుతుందని కట్టాడు. వరసగా నాలుగుసార్లు గెలిచాడు. తన చేతిలో పోగు తెగుతుందని తనే పందెం కాసి, గెలిచి, మురిసిపోయిన నేతగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

వదిన పెరట్లోంచి వచ్చి, వేలాడుతున్న పోగుల్ని చూసింది. అందరం నేల చూపులు చూశాం.

"పడుగూ పేకా రెండూ ఉంటేనే బట్టండీ. మీకు పేకొక్కటే చాలు. లేవండి," అంది.

ఆయన లేచాడు. సిగ్గుపడ్డాడని చెప్పాలనే ఉంది గాని, ఆయన ముఖంలో నాకు కనిపించింది బడి విడిచిపెట్టిన సంబరం. అందరం పాకకే వెళ్ళాం.

వదిన పుట్టింట్లో నేత నేర్చుకుంది. ఆడవాళ్ళు కండెలు చుట్టాలే గాని మగ్గం ఎక్కకూడదని మా అమ్మ శాసనం. ఆ రోజు అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. తెగిన పోగులన్నీ ముడేసుకుని, తొమ్మిది రోజుల్లో వదిన చీర దించింది. బెజవాడకు బొగ్గు గ్యాసు బస్సులో నేను తోడు వెళ్ళాను. బస్సు రెండుచోట్ల మొరాయించినా ఆమె ఒళ్ళోంచి మూట దించలేదు.

షావుకారు చీర పరిచి ఒకచోట వేలు ఆపాడు.

"ఇక్కడ ముళ్ళున్నాయేమమ్మా?"

"అక్కడిదాకా మావారు నేశారండి. పైదంతా నేను."

ఆయన మిగతా చీరంతా నిదానంగా తడిమి చూశాడు. కూలీ సంగతి ఎత్తబోతే, శనివారం వస్తానని చెప్పి వదిన లేచింది. చెప్పినట్టే వెళ్ళి మొత్తం తెచ్చుకుంది.

ఆ తర్వాత నూలు ఆమె పేరు మీదే వచ్చేది. అన్నయ్య కండెకో దమ్ము చొప్పున కండెలు చుట్టి, మధ్యాహ్నానికి పాక చేరేవాడు. మా మగ్గం చీరలంటే బెజవాడలో ఎంత గిరాకీయో ముక్కలు పంచుతూ చెప్పేవాడు. నేను ఔనని తలూపేవాణ్ణి. వదిన నాకు రోజూ ఒక అణా ఇచ్చేది. అది పాకలో పేకాట చాప మీద పడేదాకా నా చెయ్యి ఊరుకునేది కాదు.