రాజుగారిని చూడని మా సిపాయి

రాజులంటే నాకు గౌరవం లేదు. పుట్టుక చూసి ఒకణ్ణి పల్లకీ ఎక్కించి, ఇంకొకడి భుజాన ఆ పల్లకీ పెట్టే పద్ధతిని తెనాలి సభల్లో వయసంతా దుమ్మెత్తి పోసినవాణ్ణి. సైన్యంలో సిపాయిగా ఉన్న నా మేనల్లుణ్ణేమో పరాయి దేశంలో ఒక రాజుగారి పట్టాభిషేకానికి వెళ్ళే దళంలో వేశారు. రిహార్సల్స్ మొదలవగానే ఫోన్లు తీసేసుకున్నారట, తిరిగొచ్చేదాకా ఇవ్వరట. అందుకని రేపల్లెలో ఉన్న వాళ్ళమ్మకు, అంటే మా చెల్లెలికి, ఉత్తరం రాశాడు.

ఉత్తరం అందిన రోజే చెల్లెలి ఇంట్లో కృతజ్ఞతా కూడిక. మంచి జరిగితే సంఘాన్ని పిలిచి, ప్రార్థన చేయించి, భోజనం పెట్టడం మా లూథరన్ క్రైస్తవుల ఇళ్ళ అలవాటు. నేను దేవుణ్ణి నమ్మను. చెల్లెలి వంటను నమ్ముతాను. వెళ్ళాను.

గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. చెల్లెలి బావగారు, అంటే మావాడి పెదనాన్న, బాపట్లలో వేయించి తెచ్చాడు. రాజుగారి ఫొటో పక్కన మావాడి ఫొటో అతికించి, 'రాజుగారితో కరచాలనం చేసిన రేపల్లె సింహం' అని రాయించాడు.

"కూడికలో నువ్వే చదవాలన్నయ్యా. నాకు గొంతు నిలవదు" అని చెల్లెలు ఉత్తరం చేతిలో పెట్టింది. వరండాలో నిలబడి ముందు నాలో నేను చదువుకున్నాను.

"మా వరుస జనం వైపు తిరిగి నిలబడాలమ్మా. రథం మా వెనకనుంచి వెళ్ళింది. తల తిప్పకూడదు. గుర్రాల డెక్కల చప్పుడు విన్నాను, అంతే. రాజుగారిని చూడలేదు. బూట్లనిండా వాననీళ్ళు. పక్కవాడు కళ్ళు తిరిగి పడ్డాడు, నేను పడలేదు. లేనిపోనివి ఎక్కడా వెయ్యొద్దని పెదనాన్నకు చెప్పు. అవి యూనిట్‌లో ఎవరైనా చూస్తే నేను అబద్ధాలకోరునవుతాను."

పెదనాన్న నా భుజం మీదుగా చదివేశాడు.

"ఆ నాలుగు ముక్కలూ మింగెయ్ బావా. పాస్టరు అయ్యగారు కూడా వచ్చేశారు."

"నీ ఫ్లెక్సీ కోసం వాడి మాట మింగాలా?"

"దేవుణ్ణే మింగినవాడివి, ఇదొక లెక్కా?"

ఉత్తరం చివర ఇంకోటుంది: "నువ్వు నేర్పిన కీర్తనే లోపల పాడుకున్నాను. దేవుడే నన్ను నిలబెట్టాడు." అది నాకు రుచించలేదు. వాణ్ణి నిలబెట్టింది వాడి కాళ్ళు. కానీ అది కొట్టేస్తే నాకూ బావకూ తేడా ఏముంది? అంతా చదవాలని గట్టిగా అనుకున్నాను.

చదివాను. రాజుగారిని చూడలేదన్నచోట కుర్చీలు కదిలాయి. కీర్తన ముక్క దగ్గర బావ తలెత్తి నా వంక చూశాడు. దాన్ని ఇంకాస్త గట్టిగా చదివాను.

పాస్టరుగారు ప్రార్థనకు లేచారు.

"ఒక్క నిమిషం అయ్యగారూ" అంది చెల్లెలు. "బావగారూ, ముందు ఆ ఫ్లెక్సీ దించండి."

"భోజనాలయ్యాక చూద్దాంలేమ్మా."

"ఇప్పుడేనండి. వాడు వద్దన్నది నా గేటుకు పెట్టుకుని నేను కళ్ళు మూసుకోలేను."

వంటింట్లోంచి చాకు తెచ్చి తనే కుర్చీ ఎక్కింది. నేను కుర్చీ పట్టుకున్నాను. ఒక తాడు తెగి ఫ్లెక్సీ ఆమె మీదికి వాలేసరికి, బావ గబగబా వచ్చి రెండో మూల అందుకున్నాడు. దాన్ని చుట్టచుట్టి గోడవార పెట్టాకే ప్రార్థన మొదలైంది.