ఏసీ గదిలో తడి చీరలు

మా ఆయన ఆ ఏసీకి ఇచ్చిన మర్యాదలో పావువంతు నాకు ఇచ్చి ఉంటే, నేనీ ముచ్చట రాసేదాన్నే కాదు.

ఎనభైల్లో ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉండేది. బెంగళూరులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన పాత ఏసీని ఈయన లారీలో వేయించుకొచ్చి పడకగది కిటికీకి బిగింపజేశాడు. బిగించిన మెకానిక్ పోతూపోతూ, ఇది పాతది, పని తక్కువ పెడితే ఎక్కువ కాలం వస్తుందని ఒక మాట అన్నాడు. అంతే, ఈయనకు అదే వేదమైంది. గదిలోకి ఇద్దరికంటే ఎక్కువ మంది రాకూడదు. వేడి కాఫీ తేకూడదు. వారం వారం దాని జాలీ విప్పి స్వయంగా కడిగేవాడు. పెళ్లయినప్పటి నుంచి తాను తాగిన గ్లాసు కడిగిన పాపాన పోని మనిషి! ఆయుధపూజకు మగ్గాలకు పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా దండిగా మెత్తి, హారతిచ్చి, స్విచ్చి వేశాడు. పసుపంతా వచ్చి ఆయన ముఖాన పడింది. నేను నవ్వానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు ఆ చల్లగాలి మీద పెద్ద మోజేమీ లేదు. నా ప్రాణమంతా పెరట్లో మల్లెచెట్టు మీదే. కదిరిలో మా అమ్మ తన చేత్తో అంటు తొక్కి ఇచ్చింది. ఆమె పోయిన మరుసటి ఏడే వానలు మొహం చాటేశాయి. మా బోరు ఎండిపోయింది. వీధి కొళాయి నీళ్లు తాగడానికీ వంటకూ చాలవు. బట్టలకు వీధి చివరి ఉప్పునీళ్ల బావే దిక్కు; ఆ సబ్బునీళ్లు పోస్తే ఆకులు ఇంకా రాలాయి. చెట్టును చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

ఏసీ వెనక గొట్టం కింద బకెట్ పెట్టి చూశాను. మా ఊరి ఎండు గాలిలో అది మాత్రం ఏం పిండుతుంది? ఎంతసేపు తిరిగినా గ్లాసెడు నీళ్లు కూడా రాలేదు. నీ మొహం మండ అని దాన్ని తిట్టుకున్నాను.

ఒకరోజు దుమ్ముగాలి లేచింది. ఉతికిన చీర బయట ఆరేస్తే ఎర్రమట్టి పట్టేస్తుందని, ఈయన అంగట్లో ఉన్నాడన్న ధైర్యంతో ఏసీ గదిలో తాడు కట్టి ఆరేశాను. తొందరగా ఆరాలని మిషను కూడా వేశాను. సాయంత్రం చూస్తే బకెట్లో చెంబుడు నీళ్లు! చీరలో తడే గాలిలో కలిసి, మిషనులో చల్లబడి, చుక్కచుక్కగా దిగింది.

మర్నాటి నుంచి దుప్పట్లు, తువ్వాళ్లు, పిల్లల బట్టలు అన్నీ అక్కడే. అవీ చాలక ఎదురింటావిడకు చెప్పాను. దుమ్ము లేకుండా బట్టలు ఆరితే ఆమెకదే పదివేలు, నీళ్లు నా చెట్టుకు. మిషను మాత్రం ముసలి ఎద్దులా ఆయాసపడేది. ఈయన వచ్చే వేళకు తాడు విప్పేసి, ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చునేదాన్ని. ఈయన దానికి చెవి ఆనించి, గొంతు మారిందే అని బెంగపడేవాడు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చేవి.

ఒక మధ్యాహ్నం తలనొప్పని ఈయన ముందే వచ్చేశాడు. తలుపు తీస్తే గది నిండా తడి దుప్పట్లు, మధ్యలో మేమిద్దరం. ఎదురింటావిడ తన మూట చంకన పెట్టుకొని మెల్లగా జారుకుంది. ఈయన మిషను మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏమే, దీన్ని సంపుతాండావా?"

నాకూ ఒళ్లు మండింది. "ఔను. ఇది పోతే బెంగళూరులో ఇంకోటి దొరుకుతాది. ఆ చెట్టు పోతే మా యమ్మ యాడ దొరుకుతాది?"

ఆయన విసవిసా పెరట్లోకి పోయాడు. పీకి పారేస్తాడేమోనని వెనకే పోయి చూస్తే చెట్టు పక్కన గొంతుక్కూర్చొని కొమ్మ వంచి చూస్తున్నాడు.

"చిగురేసినాది" అన్నాడు.

లేచి గదిలోకి వచ్చాడు. ఎండలో నడిచొచ్చాడేమో, చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. విప్పి, తాడు మీద నా చీర కొంచెం పక్కకు జరిపి, దాన్ని ఆరేశాడు.

"దోసెడు నీళ్లన్నా రావా?" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి నాకు అంత ముద్దొచ్చింది ఆ పూటే.